ముందు వరసలో రాజుగారు

పక్క రాజ్యంలో మేడంత తెర కట్టి తోలుబొమ్మలాట ఆడించారని విన్న దగ్గర్నుంచీ వీరకొండ రాజు తిమ్మభూపతికి అన్నం సయించలేదు.

"మనకి అంతకన్నా పెద్దది కావాలి" అన్నాడు నిండు సభలో.

"చిత్తం! కోటంత తెర కట్టిస్తాను" అన్నాడు వినోదాల మంత్రి అప్పయామాత్యుడు. ఏదైనా పెద్దదైతే చాలు, ఆయన దృష్టిలో గొప్పదే. ఆయన తలపాగా కూడా అంతే. ఏ గుమ్మంలోనైనా వంగితేగానీ లోపలికి రాదు.

ఇంటికో పంచె చొప్పున ఊరంతా లాక్కొచ్చి, కలిపి కుట్టించాడు. కోట వెనక మైదానంలో తెర లేచింది. ముందు వరసకి వరహా, ఆ వెనక అర వరహా, ఇంకా వెనక్కి పోతే పావలా. అదీ లేనివాళ్లు దూరంగా కోటగోడ ఎక్కి కూర్చున్నారు.

రాజుకన్నా ముందు ఎవరూ కూర్చోకూడదనేది వీరకొండ మర్యాద. అందుకని సింహాసనాన్ని చెయ్యి చాపితే తెర తగిలేంత దగ్గరగా వేయించాడు అప్పయామాత్యుడు.

ఓ రాకుమారి కథతో ఆట అయింది. మర్నాడు సభకి రాజు మెడ పట్టేసి, ఓ పక్కకి వాల్చుకుని వచ్చాడు. బొమ్మలాడించే సిద్ధోజీని పిలిపించాడు.

"రాకుమారి అందం చూడమని పాటలు పాడావే! ఆట మొదలైనప్పట్నుంచీ నాకు ఆవిడ కాలి బొటనవేలు తప్ప ఏం కనిపించలేదు. ఆవిడ మొహం ఏదీ?"

"చూపించాను దొరా! కళ్లు కూడా తిప్పించాను" అన్నాడు సిద్ధోజీ చేతులు జోడించి.

"అబద్ధం ప్రభూ!" అప్పయామాత్యుడు అందుకున్నాడు. "నేనూ ముందు వరసలోనే ఉన్నాను. తెర దివ్యంగా ఉంది. ఆడించడమే చేతకాలేదు వీడికి."

"అయితే రేపు తెల్లారేసరికి పెళ్లాం పిల్లల్ని తీసుకుని రాజ్యం వదిలిపో" అనేశాడు రాజు.

సింహాసనం వెనక వింజామర వీస్తున్న చెంగమ్మ చెయ్యి ఆగిపోయింది. నిన్న రాజుగారి వెనకే నిలబడి ఆమె కూడా బొటనవేలే చూసింది. కానీ పొద్దున్న కోటకి వస్తుంటే, గోడెక్కి చూసిన గుర్రాలవాళ్లు రాకుమారిలా కళ్లు తిప్పి ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారు. అంటే మొహం ఉంది. లేనిదల్లా రాజుగారికి సరైన చోటే. ఆ మాట పైకంటే రాజుగారిది చెత్త చోటన్నట్టే. తల ఉంటుందా?

"ఏమే చెంగీ, గాలి ఆగిందేం?"

"ఓ అనుమానం వచ్చింది ప్రభూ. రాకుమారి సంగతి దేవుడెరుగు, అంత తెర ఉండి తమరి బొమ్మ ఆడించకపోవడమేమిటి? ఆ మీసాలు కోటంత ఎత్తున కనిపిస్తే ఊరు ఊరంతా దణ్ణం పెట్టదూ?"

రాజు చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

"ఇవాళ సాయంత్రం ఒక్క ఆట ఆడనివ్వండి. తమరి మొహం తమకి కనిపించకపోతే, సిద్ధోజీతో పాటు నేనూ మూట కట్టుకుంటాను."

"పట్టెయ్యండి ప్రభూ ఆ మాట!" అన్నాడు అప్పయామాత్యుడు సంబరంగా.

సిద్ధోజీ పాత రాజు బొమ్మ ఒకటి తీసి, తోలుముక్కలతో గుబురు మీసాలు అతికించాడు. పొద్దుగూకింది. దీపం వెలిగింది. తెర నిండా తిమ్మభూపతి మొహం లేచింది.

ముందు వరసలో తిమ్మభూపతి తలెత్తి చూశాడు. ఏదో నల్లటి గుహ కనిపించింది.

"ఇదేమిటే చెంగీ?"

"తమరి ముక్కురంధ్రం ప్రభూ. ఎడమవైపుది."

"మరి మీసం?"

"ఇంకాస్త వెనక్కొస్తే తగులుతుందేమో!"

మీసం అనేసరికి రాజు ఆగలేకపోయాడు. లేచి నాలుగడుగులు వెనక్కి వేశాడు. మీసం కొస కనిపించింది. రెండో కొస కోసం ఇంకాస్త జరిగాడు. రాజుకన్నా ముందు ఎవరూ ఉండకూడదు కదా! వరహా ఇచ్చినవాళ్లు దిండ్లు చంకన పెట్టుకుని వెనక్కి ఉరికారు. వాళ్లొచ్చి అర వరహావాళ్ల మీద పడ్డారు. వాళ్లు వెళ్లి పావలావాళ్ల ఒళ్లో కూలబడ్డారు.

"కాలు తియ్యవయ్యా!"

"ముందు మీ దిండు తియ్యండి సామీ!"

ఆ తొక్కిసలాటలో అప్పయామాత్యుడి తలపాగా ఊడి, చుట్టలు చుట్టలుగా ఆయన కాళ్లకే చుట్టుకుంది.

రాజు ఇవేం చూడలేదు. కన్ను వచ్చింది, కనుబొమ్మ వచ్చింది, కిరీటం ఇంకా రాలేదు. చివరికి వీపు కోటగోడకి తగిలింది. ఓ గుర్రాలవాడి భుజం పట్టుకుని గోడెక్కి, శనగలు నములుతున్న జనం మధ్య కూర్చుని చూశాడు.

"అబ్బ! ఎంత బాగున్నాను!"

పక్కనున్నవాడు చీకట్లో రాజని తెలియక నాలుగు శనగలు చేతిలో పెడితే, రాజు నోట్లో వేసుకున్నాడు కూడా.

"నిన్న రాకుమారి కూడా ఇలాగే కనిపించిందిట్రా?"

"కళ్లు తిప్పింది సామీ, చూసి చావాలనిపించింది!" అన్నాడు వాడు.

రాజు పట్టేసిన మెడ రుద్దుకున్నాడు. తర్వాత కిందికి కేకేశాడు.

"సిద్ధోజీ ఎక్కడికీ పోవక్కర్లేదు! అమాత్యా, నాకు ఆ చోట సింహాసనం వేసిందెవరయ్యా?"

"మ-మర్యాద కోసం ప్రభూ..." తలపాగాలోంచి కాళ్లు విడిపించుకుంటూ నసిగాడు అప్పయామాత్యుడు.

"ఇంత ఖర్చు, ఇంత హైరానా, పైగా మెడనొప్పి. నిజం చెప్పు చెంగీ, ఇంత పెద్ద తెర దండగంటావా?"

"అయ్యో, దండగెందుకవుతుంది ప్రభూ?" అంది చెంగమ్మ, గోడ కింద నిలబడి వింజామర ఊపుతూ.

"పైసా పెట్టనివాళ్లకి భలే గిట్టుబాటు!"

గోడ గోడంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వి నవ్వి జారిపోబోతే గుర్రాలవాడు నడుం పట్టుకుని ఆపాడు. సిద్ధోజీకి శాలువా, చెంగమ్మకి రాజు మెడలోని ముత్యాల పేట అక్కడికక్కడే దక్కాయి.

"మరి నాకు, ప్రభూ?" అన్నాడు అప్పయామాత్యుడు ఆశగా.

"రేపటి ఆటకి ముందు వరస మొత్తం నీదేనయ్యా" అన్నాడు రాజు, పక్కవాడి శనగలకి చెయ్యి చాపుతూ.