కాజాల అన్నదమ్ముల కసరత్తు

మండపేట దగ్గర ఓ ఊళ్ళో అబ్బులు, సుబ్బారాయుడు, తాతబ్బాయి అని ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. మడతకాజాలు చెయ్యడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. కానీ ఆ పేరు వాళ్ళకి ఆనేది కాదు. చేతిలో పనితనం ఎవడికైనా ఉంటుంది, మాకున్నది బుర్ర అనేవారు. ఎవరే మాట చెప్పినా పొల్లు పోకుండా చేసేవారు. ఒకసారి మేనత్త, పొయ్యి మీద పాలున్నాయి, ఓ కన్నేసి ఉంచరా అని తాతబ్బాయికి చెప్పి పెరట్లోకి వెళ్ళింది. వాడు ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కంటితో పాలన్నీ పొంగిపోయేదాకా చూశాడు. పొంగుతుంటే దించలేదేమిరా అని ఆవిడ నెత్తి కొట్టుకుంటే, దించమని నువ్వు చెప్పలేదుగా అత్తా అన్నాడు. అన్నలిద్దరూ వాడి తెలివికి మురిసిపోయారు.

వీళ్ళ కాజాల రుచి ఆ నోటా ఈ నోటా పడి మలేషియా దాకా వెళ్ళింది. అక్కడ క్లాంగ్ అనే ఊళ్ళో దొరబాబు గారని, తాతల నాడే వెళ్ళి స్థిరపడ్డ తెలుగాయన, మిఠాయి కొట్టు నడుపుతున్నారు. దీపావళి దాకా ఉండి కాజాలు చేసిపెట్టమని ముగ్గుర్నీ పిలిపించుకున్నారు.

కొట్టు కిందుంది, వంటశాల మూడో అంతస్తులో ఉంది. వీళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకే లిఫ్టు పాడైపోయింది. ఇక పిండి బస్తాలు మెట్ల మీద మోసుకెళ్ళాలి. వీళ్ళేమో పాకం కుదిరిందో లేదో చూసే వంకన వాయి వాయికీ కాజాలు లాగించి గుమ్మడికాయల్లా తయారై ఉన్నారు. ఇంకేముంది, మొదటి మలుపు దగ్గరే బస్తా ఒక పక్క, మనిషి ఒక పక్క.

దొరబాబు గారు చూసి చూసి ఓరోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. పక్క వీధిలో ఫంక్షనల్ ఫిట్‌నెస్ జిమ్ము ఉంది, గ్రూపు ట్రైనింగ్ ఇస్తారు, పరాయి దేశంలో నలుగురితో కలిసి చేస్తే మీకూ హుషారుగా ఉంటుంది, వెళ్ళి చేరండన్నారు.

"దీపావళి సరుకు దిగే రోజుకి బస్తాలు మీరే పైకి చేర్చాలి నాయనా. చేర్చలేకపోతే మిమ్మల్ని ఇంటికి పంపేసి వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నారు.

ఆ మాటకి అబ్బులుకి గుండెలో రాయి పడింది. ఫారిన్‌లో పండగ చేసుకుని వస్తామని ఊరంతా చాటి వచ్చాడు. మధ్యలో తిరిగొస్తే తలెక్కడ పెట్టుకోవాలి? తమ్ముళ్ళని పక్కకి పిలిచి, కంగారు పడకండి, బుర్ర ఉపయోగిద్దాం అన్నాడు.

గ్రూపు ట్రైనింగ్ అన్నారు గనక ముందు మన గ్రూపేదో తెలియాలి కదా. అంతే, ముగ్గురూ తిన్నగా రక్తపరీక్ష చేసే చోటికి వెళ్ళారు. అబ్బులుది, సుబ్బారాయుడిది ఒకటే గ్రూపని తేలింది. ఇద్దరూ కావలించుకున్నారు. తాతబ్బాయిది వేరే గ్రూపు. వాడు వీధిలోనే చతికిలబడి, ఒక తల్లి కడుపున పుట్టి వేరే గ్రూపులో పడ్డానేమిటని ఏడ్చాడు. జిమ్ములో పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకునైనా నిన్ను మా గ్రూపులో వేయిస్తాంలే అని అన్నలు ఓదార్చారు.

ఇక జిమ్ము పేరులోనే ఫంక్షను ఉందాయె, ఫంక్షనంటే మాటలా. పట్టుపంచెలు కట్టారు. కండువాలు వేశారు. సెంటు కొట్టుకున్నారు. ఉత్త చేతులతో వెళ్తే బాగోదని స్టీలు బిందె ఒకటి కొని, రంగు కాగితం చుట్టించారు. సుబ్బారాయుడు జేబురుమాల్లో అక్షింతలు మూటకట్టుకున్నాడు.

జిమ్ము దగ్గరికి వెళ్ళేసరికి లోపల పాటలు హోరెత్తిపోతున్నాయి. జనం వరసలు కట్టి నిలబడ్డారు. ఓ మూల పెద్ద లారీ టైరుంది. పెళ్ళివారి లారీ టైరు పేలినట్టుంది, పాపం అనుకున్నారు. గుమ్మంలో ఒకమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. ఆమె పేరు ఈశ్వరి, అక్కడ కసరత్తులు నేర్పేది ఆమే. తెలుగువాళ్ళ పిల్లే. నమస్కారం పెట్టేలోపే ముగ్గురూ ఆమె నెత్తిన అక్షింతలు పోసి, బిందె చేతిలో పెట్టి, పెళ్ళికొడుకు ఎక్కడమ్మా, భోజనాలు ఏ పక్కన అని అడిగారు.

ఈశ్వరి ఓర్పు గల మనిషి. జుట్టులో బియ్యం దులుపుకుంటూ, ఇక్కడ పెళ్ళిళ్ళు జరగవనీ, ఇంటి పనికీ బయటి పనికీ పనికొచ్చేలా ఒంటిని తయారుచేస్తామనీ నిదానంగా చెప్పింది. అబ్బులు తల ఊపి, మాకు ముందే తెలుసు, ఎందుకైనా మంచిదని తయారై వచ్చాం అన్నాడు. తాతబ్బాయి తన రక్తం గ్రూపు సంగతి అడిగితే, గ్రూపంటే నలుగురూ కలిసి చెయ్యడమేనంది. వాడికి కళ్ళనీళ్ళొచ్చాయి.

కసరత్తు మొదలైంది. కొత్తవాళ్ళు కదా, ఇనప గుళ్ళు వద్దు, మొదట్లో ఎవరి బరువు వాళ్ళే మొయ్యాలంది ఈశ్వరి. అంతే, అబ్బులు రెండు చేతులతో తన రెండు కాళ్ళూ పట్టుకుని పైకెత్తబోయి వెల్లకిలా పడ్డాడు. సుబ్బారాయుడు తన జుట్టు తానే పట్టుకుని పైకి లాక్కున్నాడు. జుట్టు వచ్చింది గానీ మనిషి లేవలేదు. ఇలా కాదు, బాగా చెమట పట్టాలి అందామె. ఇంకేముంది, తాతబ్బాయి పరుగున వెళ్ళి బిందె తెచ్చి పెద్దన్న గడ్డం కింద పట్టాడు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు.

వీళ్ళకి నోటితో చెబితే లాభం లేదనుకుంది ఈశ్వరి. ముందు వరసలో లిమ్ గారని ఒక చైనా ఆయన ఉన్నారు. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఒక్కరే ఉంటారు. కర్రలా సన్నగా, గట్టిగా ఉంటారు. ఆమె ఆయన్ని చూపించింది.

"ఆయన ఏం చేస్తే మీరూ అది చెయ్యండి. ఆయన్ని మాత్రం వదలొద్దు."

వదలలేదు. లిమ్ గారు గుంజీలు తీస్తే తీశారు. తుమ్మితే తుమ్మారు. ఆయన నీళ్ళు తాగితే తాగారు. తరగతి అయిపోయి ఆయన సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిస్తే, వీళ్ళూ జిమ్ములో దొరికిన సంచులు తగిలించుకుని నడిచారు. ఆ సంచుల తాలూకు మనుషులు వెంటపడ్డారు. లిమ్ గారు వెనక్కి తిరిగి చూశారు. పట్టుపంచెల్లో ముగ్గురు భారీ మనుషులు, వాళ్ళ వెనక అరుచుకుంటూ ఇంకో గుంపు. ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి, పరుగందుకున్నారు. ఆయన పరిగెడితే వీళ్ళు ఊరుకుంటారా? పంచెలు ఎగ్గట్టి పరిగెత్తారు. పార్కు చుట్టూ తిరిగారు, వంతెన ఎక్కి దిగారు, చివరికి ఆయనుండే మేడ మెట్లన్నీ ఎక్కేశారు. ఆయన తలుపేసుకుని లోపల రొప్పుతుంటే, వీళ్ళు పక్కింటి వాళ్ళ ఇంట్లో దూరి తలుపేసుకుని రొప్పారు.

ఈశ్వరి వచ్చి సంచులు ఇప్పించి, లిమ్ గారికి ఆయన భాషలో సంగతంతా చెప్పింది. ఆయన కాసేపు వాళ్ళని ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. వీళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన టీ పెట్టి ఊదుకుంటూ తాగితే, వీళ్ళూ ఊదుకుంటూ తాగారు. ఒంటరిగా ఉండే మనిషికి ఆ సందడి నచ్చింది. మర్నాటి నుంచీ ఆయనే కొట్టు ముందుకొచ్చి ఈల వేసేవారు. ముందు ఆయన, వెనక వీళ్ళు. ఆయన కాజాలు తినరు, వీళ్ళూ మానేశారు. ఆయన మెట్లు ఎక్కినన్నిసార్లూ ఎక్కారు. చూస్తుండగానే పొట్టలు కరిగి పంచెలు జారిపోవడం మొదలుపెట్టాయి.

సరుకు దిగే రోజు రానే వచ్చింది. దొరబాబు గారు బెంగగా మూడో అంతస్తులో నిలబడ్డారు. ఈశ్వరి, లిమ్ గారు కూడా చూడటానికి వచ్చారు. అన్నదమ్ములు తలో బస్తా భుజానికెత్తుకుని గాలిలా పైకొచ్చి దించారు. మళ్ళీ దిగారు, మళ్ళీ తెచ్చారు. చివరి బస్తా దించాక కూడా ఒక్కడూ రొప్పలేదు. లిమ్ గారు చప్పట్లు కొడితే వాళ్ళూ కొట్టారు.

దొరబాబు గారు సంతోషం పట్టలేకపోయారు. అబ్బులు భుజం తట్టి, ఇంక ఆ పాడు లిఫ్టు బాగుచేయించే పనే లేదన్నారు.

"ఇవాళ్టి నుంచీ నా లిఫ్టు మీరేరా" అన్నారు.

అన్నారుగా, అంతే.

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టుకి వచ్చేసరికి మెట్ల దగ్గర అబ్బులు నిటారుగా నిలబడి ఉన్నాడు. వాడి ముందు సుబ్బారాయుడు ఒక పక్క, తాతబ్బాయి ఒక పక్క చేతులు అడ్డంగా చాపి నిలబడ్డారు. దారివ్వండిరా, పైకి వెళ్ళాలి అన్నారాయన. ఎవరూ కదల్లేదు. తాతబ్బాయి మాత్రం మెల్లిగా, బటన్ నొక్కాలండి అన్నాడు. ఏ బటనురా అంటే కళ్ళతోనే పెద్దన్న చొక్కా చూపించాడు. ఆయన విసుగ్గా అబ్బులు చొక్కా గుండీ ఒకటి నొక్కారు. నాలుగు చేతులూ తెరుచుకున్నాయి. అబ్బులు వంగి ఆయన్ని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. నాలుగు చేతులూ మళ్ళీ మూసుకుని ఇద్దర్నీ చుట్టేశాయి. ముగ్గురూ కలిసి ఆయనతో మెట్ల మీదుగా పైకి లేచారు. ఒకటో అంతస్తు దాటింది. రెండో అంతస్తు దాటింది. అంతలో కరెంటు పోయింది.

ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి అబ్బులు అక్కడే ఆగిపోయాడు. ఆగావేమిరా అని వీపు మీద నుంచి దొరబాబు గారు అడిగారు.

"కరెంటు పోయిందండి" అన్నాడు అబ్బులు.

"అయితే దించు నాయనా, నేను నడిచి వెళ్తాను."

"అమ్మో, రెండంతస్తుల మధ్య తలుపులు తియ్యకూడదండి, ప్రమాదం" అన్నాడు అబ్బులు. సుబ్బారాయుడు, తాతబ్బాయి చేతులు ఇంకాస్త గట్టిగా బిగించారు.