తాతగారి గూడుబండి

మేఘాలు కొండ దిగి వీధుల్లో తిరిగే ఊరొకటి ఉండేది. ఆ ఊరి నేతగాడు బుడ్డప్ప చేతులు మగ్గం మీదున్నా మనసెప్పుడూ బండి మీదే. దొర రాయపరాజు పాతబడిందని వాగులో పారేయించిన గూడుబండిని తెచ్చుకుని, ఏళ్ల తరబడి ఒక్కో భాగమే మార్చుకుంటూ వచ్చాడు. ఇరుసు కొత్తది, చక్రాలు కొత్తవి, గూడుకు తను నేసిన నీలం గుడ్డ. విప్పిన పాతముక్కల్ని మాత్రం పారేయడానికి చేతులు రాక పెరట్లో దాచేవాడు. పొద్దున్నే మంచులో ఆ బండెక్కితే పడవలో ఊగుతున్నట్టుండేది. బుడ్డప్ప కళ్లు మూసుకునేవాడు.

ఒకనాడు అది దొర కంట్లో పడింది.

"అది మా తాత ఎక్కిన బండిరా! రేపు కోటకు తెచ్చివ్వు" అన్నాడు నలుగురిలో.

"తాతగారు కూర్చున్న బండే కావాలా దొరా?"

"ఆ బండే! వేరేది నాకెందుకు?"

మర్నాడు బుడ్డప్ప నీలంబండి నిండా పాతముక్కలు వేసుకొచ్చి, కోట ముందు దించి, ఒక్కొక్కటే బిగించి నిలబెట్టాడు. పుచ్చిన చక్రాలు, వంగిన ఇరుసు, చిరిగిన గూడు.

"ఇదిగో దొరా, తాతగారు కూర్చున్న పలకతో సహా. ఒక్క మేకు కూడా తగ్గలేదు."

"మరి ఆ నీలంబండి?"

"అందులో తాతగారి పుల్ల ఒక్కటీ లేదు. వేరేది వద్దని నిన్ననేగా సెలవిచ్చారు!"

నలుగురూ చూస్తున్నారు. తాత పలకెక్కి కూర్చోక దొరకు తప్పలేదు.

నీలంబండి మంచులో కలిసిపోతుంటే వెనక కోట ముందు ఏదో ఫెళ్లున విరిగింది. బండిలో ఊగుతున్న బుడ్డప్ప కళ్లు తెరవలేదు.