చంకరాయమ్మ గుట్ట

“చంకలో ఏముందే? సజ్జలేనా? దించు దొంగదానా, నా కళ్ల ముందరే దించు!”

చంకరాయమ్మ గుట్టకి ఎవరొచ్చినా మొదటి మెట్టు దగ్గర పూజారమ్మ ఇట్లనే అరుస్తుంది. కోపం తెచ్చుకోకండి. ఆ మాటలు ఆమెవి కావు, కరియవ్వవి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి, పక్కన పూరిల్లు. ఆ ఇంటి పెత్తనమంతా కరియవ్వది. ఆమెకి గాలి మీద కూడా అనుమానమే. సజ్జల కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి, ఆ ముడిని రోజుకి రెండుసార్లు తడిమి చూసుకునేది.

ఒక చలికాలంలో పది నెలల మనవడు బీరడు జ్వరమొచ్చి చనిపోయాడు. ఎనిమిదేళ్ల అక్క మాళి గొర్రెల వెంట పోయినప్పుడు పెద్దలు వాణ్ణి పాతిపెట్టి వచ్చేశారు. సాయంత్రం పిల్ల ఇల్లు చేరేసరికి ఉయ్యాల లేదు.

“తమ్ముడేడవ్వా?”

“మామ ఊరికి పోయినాడు.”

“పాలు తాగే పిల్లోడు అమ్మని వదిలిపెట్టా?”

“నోరు ముయ్. గొర్రెల్ని దొడ్లోకి తోలు.”

మాళి మళ్లీ అడగలేదు, ఏడవనూ లేదు. చెప్పకపోతే పిల్లకి తెలీదులే అనుకుంది కరియవ్వ.

నాలుగు రోజులకి ఒకటి ఆమె కంటబడింది. పిల్ల ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది. చంకలో చీర పేలికతో కట్టిన మూట. గుట్ట మీద ఎప్పుడూ ఉంటుంది, ఇంటికి మాత్రం రాదు. సజ్జలు ఎవరికో చేరవేస్తోందనుకుని కుండ దగ్గరికి పరిగెత్తింది. ముడి ముడిలాగే ఉంది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది: విప్పి మళ్లీ అట్లాగే కట్టడం కూడా నేర్చింది, గడుగ్గాయి!

వెనకాలే గుట్టెక్కి అరిచిన మాటలే మీరు మెట్ల దగ్గర విన్నవి. పిల్ల మూట దించింది. విప్పితే రాయి. కడిగి, నూనె రాసిన రాయి.

“ఎందుకే ఇది?”

“నడుం ఉత్తగా ఉంటే నడవబుద్ధి కాలేదవ్వా. చానా రాళ్లు ఎత్తి చూసినా. ఇదే తమ్ముడంత ఉంది.”

“వాడు మామ ఊర్లో ఉంటే రాయెందుకే పిచ్చిదానా!” విసిరేద్దామని వంగింది కరియవ్వ. గంపెడు ఎరువు నెత్తిన మోసే మనిషి. రెండు చేతులా లాగినా రాయి లేవలేదు.

మాళి ఆమె మొహం వైపే చూస్తోంది. “ఎప్పుడొస్తాడవ్వా?”

కరియవ్వ కూలబడింది. “రాడమ్మా. చచ్చిపోయినాడు. నీకు చెప్పాలంటే నాకే భయమేసింది.”

అప్పుడు ఏడ్చింది మాళి. కరియవ్వ ఊరుకోమనలేదు. పొద్దు వాలాక ఆమె రాయిని పట్టుకుంటే ఈసారి లేచి చంకలోకొచ్చింది. తేలిగ్గా ఏం లేదు. సరిగ్గా బీరడంత ఉంది.

గుడిలో పసుపు పూసిన రాయి అదే. ఏ దేవతా ఎవరి కల్లోకీ వచ్చి చెప్పలేదు. దిగులుపడ్డ పిల్లలు గుట్ట కింద తమకి సరిపోయే రాయి ఏరుకుంటారు. వెంటొచ్చిన పెద్దవాళ్లు నిజం చెప్పి, ఆ రాయి తమ చంకనెత్తుకుని మెట్లెక్కుతారు. ‘ఊరుకో’ అనే మాట ఇక్కడ పనికిరాదు. దిగేటప్పుడు పిల్లలు ఆకలేస్తోందంటారు. చంకరాయమ్మ ఇచ్చే వరం అదే.

అబద్ధం చెప్పినవాళ్లకి రాయి లేవదు. లేవని రాళ్లు మొదటి మెట్టు పక్కన బోలెడు పడున్నాయి. అందుకే ఎత్తే ముందు చెప్పండి: పిల్లకి ఏం చెప్పి తీసుకొచ్చారు ఇక్కడికి?