నిన్న పుట్టిన పుస్తకం

గోపాలదుర్గం రాజు తిమ్మభూపాలుడికి ఓ రోజు ఉన్నట్టుండి తన భాండాగారంలోని పుస్తకాలన్నిటికీ పట్టిక కావాలనిపించింది. ఏ పుస్తకం ఏ ఏట పుట్టిందో పక్కనే రాయాలన్నాడు. పని ఆస్థాన పండితుడు గుండావధానికి అప్పగించాడు.

అవధానికి పాండిత్యం ఉంది, కాదనను. లేనిదల్లా ఓపిక. ప్రతి తాటాకు కట్టలోనూ ఆఖరి ఆకు తిప్పి, అట్టడుగున నకలు రాసిన వ్రాయసగాడు వేసిన తేదీ చూసి, పుస్తకం పుట్టింది అప్పుడేనని రాసుకుంటూ పోయాడు.

అలా పోతూ పోతూ ఓబాంబ అనే ముసలావిడ రాసిన వంటల పద్యాల దగ్గర ఆగాడు. కట్ట చివర నిరుటి తేదీ ఉంది. అవధాని తాను రాశానని చెప్పుకునే వంటల పుస్తకానికి పన్నెండేళ్లు. రెండింట్లోనూ సగం పద్యాలు ఒక్కటే. ఇంకేం, ఆవిడ తన పద్యాలు దొంగిలించిందని సభలో గోల పెట్టాడు. పొయ్యి ఎలా రాజేస్తారో కూడా ఎరగని మనిషి!

పాత కట్టకు చెదలు పడితే నిరుడు మళ్లీ రాయించానని ఓబాంబ ఏడుస్తూ చెప్పింది. ఎవరూ వినలేదు. పౌర్ణమినాడు ఆ పుస్తకాన్ని తగలబెట్టిస్తానన్నాడు రాజు. ఉన్నది ఆ ఒక్క కట్టే.

కొలువులో వల్లభయ్య అని మాటకారి ఒకడున్నాడు. ఓబాంబ కట్ట తీసి ఆఖరి ఆకు మొత్తం చదివాడు. అక్కడేమీ అనలేదు, అన్నా అవధాని ఒప్పుకునే రకం కాదు. తిన్నగా అవధాని ఇంటికెళ్లి, తమంతటి వారి పుస్తకం రాజుగారి దగ్గర కొత్త ఆకుల మీద ఉండాలి గానీ ఇలా మసిబారి ఉండడమేమిటన్నాడు. అవధాని ఉబ్బిపోయి, వ్రాయసగాణ్ని కూర్చోబెట్టి కొత్త ప్రతి రాయించాడు. పౌర్ణమినాడు పట్టుబట్టలో చుట్టి సభకు తెచ్చాడు.

వల్లభయ్య ఆఖరి ఆకు చూశాడు.

"ప్రభూ, ఇది నిన్న పుట్టింది. ఓబాంబగారిది నిరుడు పుట్టింది. దొంగ ఎవరో అవధానిగారి లెక్కే చెబుతోంది."

"అది నకలు తీసిన తేదీ అయ్యా! నేను రాసి పన్నెండేళ్లయింది."

"మరి ఆవిడ కట్టలో ఉన్నదో?"



వల్లభయ్య ఆ కట్టను ఆయన చేతికే ఇచ్చి, తేదీకి పైనున్న పద్యం చదవమన్నాడు. కావ్యం ఏ ఏట ముగించిందీ ఓబాంబ అందులోనే చెప్పుకుంది. లెక్కేస్తే నలభై ఏళ్ల కిందటి మాట.

అప్పటికి నీకెన్నేళ్లని రాజు అవధానిని అడిగాడు. ఐదు, అన్నాడాయన మెల్లిగా.

వల్లభయ్య చేతులు కట్టుకున్నాడు.

"పట్టికలో అది కూడా ఎక్కించండి ప్రభూ. అవధానిగారు పాలపళ్లు ఊడకముందే గుత్తివంకాయ మీద పద్యాలు చెప్పారు."

రాజు పడీపడీ నవ్వాడు, సభంతా నవ్వింది. చేతి కడియం వల్లభయ్యకిచ్చి, తన శాలువా ఓబాంబకు కప్పాడు. పుస్తకం రాసిన ఏడు వేరుగా, నకలు తీసిన ఏడు వేరుగా చూపిస్తూ పట్టికంతా మళ్లీ మొదటినుంచి రాయమని అవధానితో చెప్పాడు.