గోడ మీద సీసా పెంకులు

యవ్వనుల గది తెరిచాక క్రిస్మస్ వచ్చి వెళ్ళిపోయింది. కొత్త సంవత్సరం కూడా పాతబడింది. ఆ గదిలోకి మాత్రం ఊళ్ళో యవ్వనులెవరూ అడుగు పెట్టలేదు.

జయశీల్ లాకులపేట చర్చికి చిన్నయ్యగారు. వేదాంత కళాశాలలో చదువు ముగించుకుని, పెద్దయ్యగారు దైవాధీనం గారి దగ్గర సేవ నేర్చుకోవడానికి వచ్చాడు. మనిషి మంచివాడు, ఒళ్ళు దాచుకోడు. కాకపోతే పొద్దున అనుకున్న పని సాయంత్రానికి అయిపోకపోతే అతనికి నిద్ర పట్టదు.

ఆ గది అతని చేతుల మీదే తయారైంది. చర్చి వెనక పాత సామాన్ల కొట్టు ఖాళీ చేయించి వెల్ల వేయించాడు. క్యారమ్ బోర్డు తెచ్చాడు, ఎవరినో బతిమాలి ఒక గిటారు సంపాదించాడు, కింద కూర్చోవడానికి మెత్తటి పరుపులు వేయించాడు. గోడ మీద నీలం రంగుతో "రండి, ఇది మీ ఇల్లు" అని తనే రాశాడు. చెప్పులు బయట విడవాలని, ఫోన్లు పెట్టెలో వేయాలని, ముందు ప్రార్థన, ఆ తరవాతే ఆటలని రాసిన పలకొకటి సంఘ పెద్దలు దాని కిందే తగిలించారు. గుమ్మం పైన బెన్నీ పేరు రాయించారు.

రోజూ సాయంత్రం జయశీల్ తాళం తీస్తాడు. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుతాడు. ప్రార్థన గంట కొట్టేముందు ఆ పౌడరు తుడిచేసి మళ్ళీ తాళం వేస్తాడు.

అతను ఊరికే కూర్చోలేదు. కాలేజీ గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పిలిచాడు. టీకొట్టు దగ్గర పిలిచాడు. ఇళ్ళకు కూడా వెళ్ళాడు. "వస్తామండి" అని వాళ్ళు ఎంత మర్యాదగా అన్నారంటే, రారని అతనికి అక్కడే తెలిసిపోయింది.

ఒక శనివారం ఉదయం ఇక ఉండబట్టలేక పెద్దయ్యగారి ఇంటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"అయ్యగారూ, నేనేం తక్కువ చేశానండీ? పిల్లలు ఎందుకు రావడం లేదు?"

దైవాధీనం గారు చేతిలోని కాయ ఒలవడం పూర్తి చేశారు. గింజలు పళ్ళెంలో వేశారు.

"నీ దగ్గర సుత్తి ఉందా నాయనా?" అన్నారు.

బెన్నీ ఎవరో చెప్పకపోతే ఆ సుత్తి ఎందుకో తెలియదు.

చర్చి ముందు గోడ నడుమెత్తు ఉంటుంది. ఏ కాలంలో కట్టారో గానీ పైన వెడల్పుగా, చదునుగా కట్టారు. పక్కనే గానుగ చెట్టు, ఎదురుగా వీధి దీపం, దాని కింద మరమరాల మిక్చర్ బండి. ట్యూషన్లు వదిలిపెట్టాక పిల్లలు కొందరు వచ్చి ఆ గోడెక్కి కూర్చునేవారు. వీపు చర్చి వైపు, మొహం రోడ్డు వైపు. అందులో సంఘం పిల్లలు ఎవరో, కానివాళ్ళు ఎవరో ఎవరికీ పట్టేది కాదు. కాగితం పొట్లాల్లో మిక్చర్ తింటూ, ఒకే ఫోన్లోకి నలుగురు తలలు దూర్చి, దేనికో ఒకదానికి పగలబడి నవ్వేవారు. టైలరింగ్ చేసుకునే సలోమి కొడుకు బెన్నీ నవ్వైతే వీధి చివరికి వినపడేది. తండ్రి లేని పిల్లవాడు. ఇంటర్లో అప్పుడే చేరాడు.

సంఘ పెద్దలకు యవ్వనులంటే ప్రాణం. ప్రతి ప్రార్థనలోనూ వాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకునేవారు. ఆ కన్నీళ్ళ మధ్యలోకి కిటికీలోంచి నవ్వు వచ్చి పడితే మాత్రం ఓర్చుకోలేకపోయేవారు.

నిరుడు ఎండాకాలంలో పెద్దయ్యగారు కంటి ఆపరేషనుకని గుంటూరులో కూతురింటికి వెళ్ళారు. పెద్దలు చిన్నయ్యగారిని పట్టుకున్నారు. "మీ హయాంలోనైనా ఆ గోడ సంగతి తేల్చండి" అన్నారు. జయశీల్ పిల్లల దగ్గరకు వెళ్ళాడు. "లోపలికి వచ్చి కూర్చోండి. లేకపోతే ఇళ్ళకు వెళ్ళండి" అన్నాడు. పిల్లలు గోడ దిగారు. మర్నాడు మళ్ళీ ఎక్కారు.

అప్పుడు జయశీల్ మేస్త్రిని పిలిపించాడు. ఊళ్ళో అందరి గోడల మీదా ఉన్నట్టే సిమెంటు పోసి సీసా పెంకులు గుచ్చమన్నాడు. సీసాలేవండీ అని మేస్త్రి అడిగాడు. ప్రభువు బల్ల నాడు, క్రీస్తు రక్తానికి గుర్తుగా సంఘానికి పోసే ద్రాక్షరసం సీసాలు చర్చి వెనక గదిలో ఏళ్ళ తరబడి పేర్చి ఉన్నాయి. చెత్తలో పారేయడానికి మనసొప్పక ఎవరో దాచిపెట్టిన ఖాళీ సీసాలు, అన్నీ ఆకుపచ్చవి. జయశీల్ వాటిని రెండు చేతులా మోసుకొచ్చి మేస్త్రికి ఇచ్చాడు.

ఎండ పడితే గోడంతా పచ్చగా మెరిసేది. ఇప్పుడు కాంపౌండుకి ఒక కళ వచ్చిందని పెద్దలు మెచ్చుకున్నారు.

పిల్లలు గొడవేమీ చేయలేదు. బెన్నీ ఒక్కడే దగ్గరకు వచ్చి ఆ పెంకుల మీదకు వేలు చాపాడు.

"ఇవి కోస్తాయాండీ?"

"కోస్తాయి. ముట్టుకోకు."

బెన్నీ వేలు వెనక్కి తీసుకుని, నవ్వి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు పెద్దయ్యగారు నల్ల కళ్ళద్దాలతో ఆటో దిగారు. లోపలికి పోకుండా గోడ ముందు కాసేపు నిలబడ్డారు.

"పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు?"

"ఎక్కడో అక్కడ కూర్చుంటార్లెండి" అన్నాడు జయశీల్, ఆయన పెట్టె అందుకుంటూ.

ఎక్కడో అక్కడంటే కాలవ లాకుల దగ్గర. లాకు తలుపుల పక్కనుండే సన్నటి సిమెంటు గట్టు మీద. అక్కడ వాళ్ళని కసిరేవాళ్ళు లేరు. వానలు పడి కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం బెన్నీ కాలి చెప్పు జారి నీళ్ళలో పడింది. దాన్ని అందుకుందామని వంగాడు. అంతే. మర్నాడు కింది వంతెన దగ్గర దొరికాడు.

ఆ సమాధి కార్యక్రమంలో జయశీల్ వాక్యం చదవలేకపోయాడు. ఏదో ఒకటి చేయాలి, ఈ ఊరి పిల్లలకు ఒక చోటు ఉండాలి అని ఆ రోజే అనుకున్నాడు. గది అలా పుట్టింది. దాన్ని తెరిచేనాడు సలోమిని పిలిచారు. కత్తెర అలవాటైన చెయ్యి కనుక రిబ్బను శుభ్రంగా కత్తిరించింది. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

గోడనీ కాలవనీ కలిపి ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు. జయశీల్ తనలో తాను కూడా మాట్లాడుకోలేదు.

సుత్తి దొరికింది. ఉలి కూడా దొరికింది. దైవాధీనం గారు అరచేతికి తువ్వాలు చుట్టుకుని, గోడ ముందు నిలబడి, మొదటి పెంకు అడుగున ఉలి ఆనించి కొట్టారు. సిమెంటు గట్టిది. పెంకు విరిగింది గానీ మొదలు ఊడలేదు. మళ్ళీ కొట్టారు.

"అయ్యగారూ, వద్దండీ. మీది ఆపరేషనైన కన్ను. మేస్త్రికి కబురు పెడతాను."

"గోనెసంచి ఒకటి తీసుకురా. పెంకులు కింద పడితే ఎవరికైనా గుచ్చుకుంటాయి."

జయశీల్ సంచి తెచ్చి దాని మూతి తెరిచి పట్టుకున్నాడు. ముసలితనంలో ఇదేం పట్టుదల అనుకున్నాడు. తను అడిగిన దానికి ఈయన జవాబే చెప్పలేదని కొంచెం కష్టం కూడా వేసింది.

సంఘ పెద్ద ఏసుపాదం గారు స్కూటర్ మీద పోతూ ఆగారు.

"ఏంటండీ అయ్యగారూ ఇది? రేపు దొంగలొస్తే?"

"కూర్చోమందాం" అన్నారు దైవాధీనం గారు, తల ఎత్తకుండానే.

ఏసుపాదం గారు జయశీల్ వైపు చూశారు. జయశీల్ సంచిలోకి చూశాడు. స్కూటర్ వెళ్ళిపోయింది.

ఎండెక్కుతోంది. సగం గోడ అయ్యేసరికి ఒక సీసా మెడ ముక్క ఊడి వచ్చింది. దానికింకా చిరిగిన చీటీ అంటుకుని ఉంది. వాన నీళ్ళకి అక్షరాలు పోయాయి, ద్రాక్షగుత్తి బొమ్మ మిగిలింది. దైవాధీనం గారు దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశారు. ఏళ్ళుగా ఆ సీసాల మూతలు తీసింది ఆయన చేతులే. మిగతా పెంకుల్లా విసరకుండా, వంగి దాన్ని సంచి అడుగున పెట్టారు.

జయశీల్ ఆ బొమ్మను గుర్తుపట్టాడు.

"ఆ సీసాలు నేనే ఇచ్చానయ్యగారూ."

"చూశాను. ఊరి నుంచి దిగిన రోజే చూశాను."

ఆయన ఉలి తీసి ఇంకో పెంకు దగ్గర ఆనించారు. వెంటనే కొట్టలేదు.

"చూసి, లోపలికెళ్ళి కాఫీ తాగాను" అన్నారు.

సుత్తి దెబ్బ పడింది. మిక్చర్ బండివాడు వచ్చి, తన చోట బండి నిలిపి, వీళ్ళని చూసి, స్టవ్ వెలిగించకుండా ఊరికే నిలబడ్డాడు.

జయశీల్ చివరికి అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఇవన్నీ తీసేస్తే వస్తారాండీ పిల్లలు?"

దైవాధీనం గారు చెమట తుడుచుకుని అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని జయశీల్‌కి అనిపించింది.

"రోజూ ఇక్కడికి వచ్చారుగా నాయనా" అన్నారు.

జయశీల్ సంచి కింద పెట్టేశాడు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడి, రోడ్డు మీద జనం పోతున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. ముట్టుకోకు అన్న తన మాట తనకే వినపడుతోంది. ఆ పిల్లవాడు వేలు వెనక్కి తీసుకోవడం కళ్ళ ముందు కదులుతోంది. దైవాధీనం గారు అతన్ని ఊరడించలేదు. ఉలి ఆడిస్తూనే ఉన్నారు. కాసేపటికి జయశీల్ లేచి ఆయన చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. పెద్దాయన ఇచ్చేసి గానుగ చెట్టు నీడలోకి జరిగారు.

మిగిలిన సగం గోడ జయశీల్ ఒక్కడే చేశాడు. వేళ్ళు రెండు చోట్ల తెగాయి. భోజనానికి లేవలేదు. సిమెంటు గరుకు మిగిలితే దాన్ని కూడా ఉలితో చెక్కి, చీపురుతో ఊడ్చి, నీళ్ళు పోసి కడిగాడు. సాయంత్రానికి గోడ ఎప్పటి గోడలా అయింది. అక్కడక్కడ గుంటలు మాత్రం పడ్డాయి.

పొద్దు వాలుతుండగా సలోమి పని నుంచి వస్తోంది. భుజాన టిఫిన్ సంచి, మెళ్ళో కొలత టేపు అలాగే ఉంది. ఎప్పుడూ ఈ వీధిలో తల దించుకుని పోయే మనిషి, కడిగిన గోడ చూసి ఆగింది. పెద్దయ్యగారికి దండం పెట్టింది. బట్ట నేత పట్టి చూసినట్టు, గోడ మీద అరచెయ్యి పెట్టి, ఆ చివర నుంచి మెల్లగా నిమురుకుంటూ వచ్చింది. గానుగ చెట్టు దగ్గర, బెన్నీ కూర్చునే చోట, ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడొకటి ఉండిపోయిందండీ, చిన్నయ్యగారూ" అంది.

జయశీల్ వచ్చి చూశాడు. కంటికి ఆనలేదు. ఆమె వేలు పెట్టి చూపించిన చోట తన వేలు పెడితే తగిలింది. బియ్యపు గింజంత పచ్చ ముక్క. ఉలికి అందలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గోరుతో గీకి, గీకి తీశాడు. సలోమి మళ్ళీ చెయ్యి పెట్టి చూసుకుంది. ఈసారి తల ఊపింది.

తరవాత ఆమె సంచి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ చోటే గోడెక్కి కూర్చుంది. వీపు చర్చి వైపు, మొహం రోడ్డు వైపు. వీధి దీపం వెలిగింది. మిక్చర్ బండివాడు ఒక పొట్లం కట్టి తెచ్చి, ఆమె పక్కన పెట్టి వెళ్ళాడు.

లోపల ప్రార్థనకు గంట కొట్టారు. "లోపలికి వచ్చి కూర్చోండమ్మా" అనబోయి జయశీల్ ఆగిపోయాడు. పెద్దయ్యగారి కోసం చూశాడు. ఆయన అప్పటికే కొంచెం ఎడంగా గోడ మీద కూర్చుని ఉన్నారు.

జయశీల్ కూడా గోడెక్కాడు.