బళ్ళ ఊపిరి చూసిన తవిటమ్మ

అనగా అనగా ఒక కొండ. కొండకో రోడ్డు. రోడ్డుకి ఇరవయ్యొక్క మలుపులు. కొండ మీద నేరేడుగూడ అనే ఊరు, కొండ కింద తవిటమ్మ పాక. ఎప్పటి మాటంటే, ఈ కొండకి పికప్ బళ్ళు కొత్తగా వస్తున్న రోజుల మాట. ఆనాటి బళ్ళేవీ ఇప్పుడు లేవు గానీ మలుపులు మాత్రం అన్నే ఉన్నాయి.

తవిటమ్మ కమ్మరోళ్ళ కోడలు. మొగుడు వీరాచారి ఇనుము కొడితే ఆమె తిత్తి ఊదేది. ముప్పై ఏళ్ళు ఊదింది. నాగలి కర్రులకి ఊదింది, కొడవళ్ళకి ఊదింది, గునపాలకి ఊదింది.

ఒక ఎండాకాలం ఆమెకో సంగతి తెలిసింది. తిత్తి కొలిమి పక్కనే ఉండి ఆ సెగనే పీల్చుకుంటే నిప్పు మందకొడిగా మండుతోంది. అదే తిత్తిని నీడవైపు కిటికీకి తిప్పితే ఇనుము చప్పున ఎర్రబడుతోంది.

వీరాచారి నవ్వాడు. "గాలికి కూడా రుచులుంటాయేటే?"

"రుచి కాదు. వేడిగాలి పలచన, చల్లగాలి చిక్కన," అంది తవిటమ్మ.

మూడు కర్రులు కాల్చేసరికి వీరాచారి నవ్వు ఆగింది. తిత్తి మళ్ళీ ఆ కిటికీ దగ్గరనుంచి కదల్లేదు.

తర్వాత కర్రులు, కొడవళ్ళు బజార్లో దొరకడం మొదలైంది. వీరాచారి పోయాడు. కొలిమి చల్లారింది. తవిటమ్మ ఖాళీగా కూచునే మనిషి కాదు. పాక ముందు మూడు కుండలు పెట్టింది. ఒకదాన్లో తాగేవాళ్ళకి మంచినీళ్ళు, ఒకదాన్లో అంబలి, ఒకదాన్లో బళ్ళకి పోసే నీళ్ళు. కొండ దిగే బండి చప్పుడు వినే అది ఎవరిదో చెప్పేసేది. ఎలా చెప్పావని అడిగితే ఒకటే మాట.

"ముప్పై ఏళ్ళు తిత్తి ఊదినదాన్ని. ఊపిరి నాకు తెలీదా?"

ఆ కొండకి ఇద్దరు డ్రైవర్లు. జోగులుది పాత పికప్. పోలినాయుడిది కొత్త పికప్. రెండూ డీజిలే, రెండింటికీ టర్బో ఉంది. కొత్తదానికి మాత్రం ముందు జల్లెడలాగా ఒక పెట్టె అదనంగా ఉంది. పోలినాయుడు దాన్ని రోజూ తుడిచేవాడు, రోజూ చెప్పేవాడు.

"నా బండికి ఇంటర్‌కూలర్ ఉంది బావా. నీదానికి లేదు."

"నీదానికి పైపులెక్కువ, నీకు మాటలెక్కువ," అనేవాడు జోగులు.

పొద్దున్న ఎక్కేటప్పుడు ఇదే పోట్లాట, సాయంత్రం దిగేటప్పుడు ఇదే పోట్లాట. ఒకరోజు ఇద్దరూ తవిటమ్మ ముందుకొచ్చి నిలబడ్డారు.

"మామ్మా, ఎవరి బండి గొప్పదో నువ్వే చెప్పు."

"బానెట్లు ఎత్తండి," అంది తవిటమ్మ.

ఎత్తారు. రెండు ఇంజన్లూ తిరుగుతున్నాయి. ఆమె జోగులు బండిలో టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్ళే పైపు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేసింది. పోలినాయుడి బండిలో టర్బో పక్కన పైపూ అలాగే కాలింది. అది జల్లెడ పెట్టెలోకి వెళ్ళింది. పెట్టె దాటి వచ్చిన పైపు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది.

తవిటమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో! ఇది నా కిటికీ రా!"

వాళ్ళకి అర్థం కాలేదు. అప్పుడామె కూచోబెట్టి చెప్పింది.

"టర్బో అంటే మీ బండికి తిత్తి. అది గాలిని నొక్కి తోస్తాది. నొక్కితే గాలి వేడెక్కుతాది. వేడెక్కితే పలచబడతాది. జోగులూ, నీ ఇంజను ఆ పలచటి ఊపిరితోనే పని చేస్తోంది. నాయుడూ, నీది ఆ గాలిని చల్లార్చి, చిక్కబరిచి తాగుతోంది. చిక్కటి ఊపిరికి సత్తువెక్కువ."

పోలినాయుడు మీసం మెలేశాడు.

"ఆగు బావూ. పలచటి ఊపిరికి గొడవ తక్కువ. వాడిది ఒకటే పైపు. నీకు రెండు పైపులు, నాలుగు క్లిప్పులు, ఒక జల్లెడ. ఏది ఊడినా నీ సత్తువ ఊడినట్టే."

ఈసారి జోగులు మీసం మెలేశాడు. ఆమె ఇద్దరికీ అంబలి పోసి పంపేసింది.

ఆ ఏడు ఎండలు పేలిపోయాయి. నేరేడుగూడ ఊట ఎండిపోయింది. నలభై గడపలు, పిల్లాజెల్లా, గొడ్డూగోదా. బిందెలు తిరగేస్తే చుక్క రాలలేదు. ఇక కింద నుంచి నీళ్ళు మొయ్యాల్సిందే.

మొదటి రోజు పోలినాయుడు ఎనిమిది పీపాలు ఎక్కించాడు. జోగులు నాలుగే ఎక్కించి, మధ్యలో ఆగుతూ మెల్లగా ఎక్కాడు. ఇద్దరూ చేరారు. రెండో రోజూ అంతే. ఆ సాయంత్రం పోలినాయుడు, "నాలుగు పీపాలా బావా? పెళ్ళికూతురికి మంగళస్నానమా?" అన్నాడు.

ఆ మాట జోగులుకి ముల్లులా గుచ్చుకుంది. మూడో రోజు తనూ ఎనిమిది ఎక్కించాడు.

"వద్దు బావూ, దాని ఊపిరికి అంత బరువు పనికిరాదు," అంది తవిటమ్మ.

జోగులు వినలేదు.

పొద్దెక్కింది. కొండ మీంచి కట్టెల మోపుతో ఒకావిడ దిగొచ్చింది. "మామ్మా, జోగులు బండి అయిదో మలుపులో పొగలు కక్కుతోంది. నాయుడి బండి తొమ్మిదో మలుపులో చచ్చిపోయింది. పైన జనం రోడ్డు మీద కూచుని ఎదురు చూస్తున్నారు. పసిపిల్లలు ఏడుస్తున్నారు," అంది.

మెకానిక్కు ఉన్నది పట్నంలో. అతను రావాలంటే పూట పడుతుంది. తవిటమ్మ బళ్ళకి పోసే నీళ్ళకుండ నెత్తినెత్తుకుంది. అరవై దాటిన మనిషి, చెప్పుల్లేని కాళ్ళు, కుంపటిలాంటి రోడ్డు. ఒక మలుపు ఎక్కింది. రెండు మలుపులు ఎక్కింది. మూడో మలుపులో కాస్త ఆగి, చెంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ ఎక్కింది.

అయిదో మలుపులో జోగులు రేడియేటర్ మూత తిప్పబోతున్నాడు.

"ముట్టుకోకు! మొహం కాలిపోద్ది!" అని కేకేసింది. "నాలుగు పీపాలు కిందకి దించు. దాన్ని చల్లారనియ్."

జోగులు తలొంచుకుని దించాడు. ఇద్దరూ బండ నీడలో కూచున్నారు. "తప్పయింది మామ్మా," అన్నాడు.

"తప్పు నీది, తిట్లు దానికి. నిన్న దాకా మోసింది కదా, పాపం."

బండి చల్లారింది. నీళ్ళు పోశారు. ఆమె పక్కన కూచుంటే, జోగులు మొదటి గేర్లో మెల్లగా తొమ్మిదో మలుపు చేరాడు.

అక్కడ పోలినాయుడు తల పట్టుకుని కూచున్నాడు. "ఇంజను పోయింది మామ్మా. ఎంత తొక్కినా నల్లపొగే గానీ లాగడం లేదు."

"ముప్పై ఏళ్ళు తిత్తి ఊదినదాన్ని. ఊపిరి నాకు తెలీదా? స్టార్ట్ చేసి తొక్కు."

తొక్కాడు. తవిటమ్మ అరచెయ్యి తడుపుకుని, పైపులకి జానెడు దూరంలో పెట్టి, టర్బో దగ్గర నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. పెట్టె దాటాక, కింద, తడి అరచేతికి గాలి తగిలింది. బుస్సుమని పాములాగా.

"తిత్తికి చిల్లు! ఇంజను బంగారంలా ఉంది నాయుడూ. క్లిప్పు జారి గాలి బయటికి పోతోంది. ఊపిరి లేకుండా డీజిలు పోస్తే నల్లపొగ కాక ఏటొస్తాది?"

పోలినాయుడు లేచి నిలబడ్డాడు. ఇంజను ఆపి, జోగులూ తనూ కలిసి గొట్టాన్ని మళ్ళీ ఎక్కించారు. పీపా మూతకి కట్టిన సైకిల్ ట్యూబు ముక్క విప్పి, బిగించి చుట్టి, పైన తీగ మెలేశారు. ఈలోగా తవిటమ్మ పెట్టె ముందు వంగి చూసింది. జల్లెడ నిండా గడ్డిపరకలు, ఎండిన మట్టి.

"నువ్వు తుడిచేది పైపైనే రా! లోపల ముక్కు మూసుకుపోయింది," అని కుండలో మిగిలిన నీళ్ళు మెల్లగా పోస్తూ, వేళ్ళతో పరకలన్నీ లాగింది.

పోలినాయుడు తొక్కాడు. బండి ఒక్కసారి రంకె వేసింది. పొగ లేదు.

ఆ మధ్యాహ్నం రెండు బళ్ళూ నేరేడుగూడలో ఆగాయి. బిందెలు మోగాయి. పిల్లలు మూతులు తడుపుకున్నారు, మీద చల్లుకున్నారు, పెద్దవాళ్ళ చేత తిట్లు తిన్నారు. ఆడవాళ్ళు తవిటమ్మ కాలిబొబ్బలు చూసి, ముందు ఆమెని కూచోబెట్టి పాదాల మీద నీళ్ళు పోశారు. "తాగే నీళ్ళర్రా!" అని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు.

జోగులు దించేసిన నాలుగు పీపాలు ఇంకా అయిదో మలుపులోనే ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే పోలినాయుడు తిరిగి వెళ్ళి వాటిని తెచ్చాడు. ఆపైన అతను జోగులుని వెక్కిరించిన దాఖలా లేదు. వానలు పడేదాకా ఒకడు ఎనిమిది, ఒకడు నాలుగు మోశారు.

చాలా ఏళ్ళకి, ఒక పంటకోతల వేళ, తవిటమ్మ అంబలి కలుపుతూ కలుపుతూ కన్నుమూసింది. చేతిలో గరిటె అలాగే ఉంది. మొహంలో బాధ లేదు.

పాడె నా బండి మీద అంటే నా బండి మీద అని జోగులూ పోలినాయుడూ మళ్ళీ పోట్లాడుకున్నారు. ఇద్దరి కళ్ళమ్మటా నీళ్ళే. అప్పుడు నేరేడుగూడ ఊరిపెద్ద కొండయ్య అడ్డమొచ్చాడు. "మీ బళ్ళకి ఆమె ఊపిరి పోసింది. ఇవాళ మా ఊపిరితో మోస్తాం," అన్నాడు. నలభై గడపల వాళ్ళూ దిగి వచ్చి, వంతులు మార్చుకుంటూ భుజాల మీద మోశారు. ఆమె కోరినట్టే తొమ్మిదో మలుపు పక్కన, గాలి బాగా తగిలే చోట సమాధి చేశారు.

ఇప్పటికీ ఆ కొండెక్కే డ్రైవరు, బండి పాతదైనా కొత్తదైనా, కింద ఆగి అరచెయ్యి తడుపుకుని పైపుల వెంట ఓసారి జరుపుతాడు. జల్లెడలో పరకలు ఏరుతాడు. జల్లెడ లేని బండివాడు అయిదో మలుపులో బండి చల్లారేదాకా కూచుంటాడు. వాణ్ణి చూసి ఎవరూ నవ్వరు.

రోడ్డువాళ్ళు తొమ్మిదో మలుపుకి అంకె వేసిన రాయి పాతారు. ఆ అంకె ఎవరి నోటా రాదు. పైన ఇంటివాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"తవిటమ్మని దాటాను."

"అయితే అన్నం వడ్డించేస్తున్నా."