గొలుసుకు పోసిన నూనె

పురుషోత్తం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఉద్దానం జీడితోటల మధ్య ఆయన నడిపే పఠనమందిరంలో చేరిన కొత్తలో మేం దీన్ని తప్పించుకోవడం అనుకున్నాం. పుస్తకాల్లో ప్రతి ప్రశ్నకూ జవాబుంది, ఈయన దగ్గరే లేదని మాలో మేం విసుక్కునేవాళ్ళం కూడా.

తుపాను వచ్చిన రోజు సాయంత్రం శశిభూషణ్ అడిగాడు. మా అందరిలోకీ ఎక్కువ చదివినవాడు, ఏ ఊరేగింపైనా ముందు వరసలో నిలబడి గొంతు చించుకునేవాడు.

"మాస్టారూ, జనం మీద ప్రేమ లేకుండా జనం కోసం పనిచెయ్యలేమని మీరంటారు. నాకు ప్రేమ లేదు. ఎంత వెతుక్కున్నా దొరకట్లేదు. కోపం మాత్రం కావలసినంత ఉంది. వీళ్ళకి జరుగుతున్న అన్యాయం మీద కోపం. ప్రేమ బదులు దాంతో నడిపితే తప్పా?"

మాస్టారు ఆకాశం వైపు చూసి, కిటికీలు బిగించమన్నారు.

మర్నాడు తెల్లారేసరికి నిలబడిన చెట్ల కన్నా కూలిన చెట్లే ఎక్కువ కనిపించాయి. పక్క వాడ నుంచి ఆటో నడిపే కూర్మారావు బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. అతని భార్య దమయంతికి రెండు మూత్రపిండాలూ పాడైపోయాయి. రక్తం శుద్ధి చేయించుకోవలసిన వంతు ఒకటి తుపాను హెచ్చరికల వల్ల అప్పటికే తప్పింది. కాళ్ళు ఉబ్బాయి, ఊపిరి అందడం లేదు. అంబులెన్సు పెద్ద రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. వాడకు ఉన్నది ఒకే దారి, దాని నిండా చెట్లు.

ఈ జబ్బు మా ప్రాంతంలో ఇంటింటి మాట. నీళ్ళ వల్లేనని కొందరు, ఇంకేదో అని కొందరు. సభలు జరుగుతాయి, నివేదికలు అచ్చవుతాయి, అధికారులు మారతారు, పాడెలు మాత్రం క్రమం తప్పకుండా లేస్తాయి. నివేదికకు ఆయాసం రాదు. దమయంతికి వస్తుంది.

తుపాన్లకు కూలే చెట్లు కొయ్యడానికని మందిరంలో ఒక పెట్రోలు రంపం ఉంది. దాన్ని బాగా నడపగలిగినవాడు శశిభూషణే. బురదలో మోకాళ్ళ దాకా దిగబడకుండా వేసుకోవడానికి మేం నినాదాలు రాసిన ఊరేగింపు పలకలు మోసుకెళ్ళాం. మాస్టారు మధ్యాహ్నం వాడకు వండిపెట్టడానికని దాచిన బియ్యం, పప్పు, పామాయిల్ ప్యాకెట్లు తెమ్మన్నారు.

చిన్న చెట్లన్నీ కోసుకుంటూ పోయి ఒక పనస దగ్గర ఆగాం. ఇద్దరు చేతులు కలిపినా అందని మాను. దారికి అడ్డంగా పడి, తల వాడ నూతి మీద వాల్చింది. కొమ్మలు నూతిలోకే దిగిపోయాయి, నూతి మీద ఏదైనా కప్పుదామన్నా వీల్లేదు. ఒక పక్క పొలాల్లో నడుం లోతు నీళ్ళు, వాటిలో తెగిపడిన కరెంటు తీగలు. రెండో పక్క కూలిన గోడ. ఆ అవతల అరుగు మీద దమయంతి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. మంచం మీద మోసుకొద్దామన్నా ఆ కొమ్మల్లో మంచం దూరే సందు లేదు.

సరిగ్గా అక్కడ నూనె అయిపోయింది.

రంపం గొలుసు ఒక ఇనుప పట్టీ చుట్టూ తిరుగుతుంది. రెండింటి మధ్యా నూనె జారుతూ ఉండాలి. లేకపోతే పట్టీ కాలుతుంది, గొలుసు పట్టేస్తుంది, తెగితే మొహం మీదకే వస్తుంది. పోసిన నూనె తిరిగి రాదు. తిరిగే గొలుసు దాన్ని ముందున్న వాటన్నిటి మీదా చిమ్ముకుంటూ పోతుంది. దుకాణాలు ఆ రోజు తెరిచే ప్రశ్నే లేదు.

కూర్మారావు పరుగున వెళ్ళి తన ఆటోలోంచి ఒక డబ్బా తెచ్చాడు. ఇంజిన్లోంచి తీసిన మాడిన నూనె, తారులా నల్లగా ఉంది.

"ఇది పనికొస్తాదేటి బాబూ?"

"పనికొస్తుంది," అని శశిభూషణ్ పోసేశాడు.

నూతి పక్కింటి పారమ్మ అడ్డం వచ్చింది. "ఆ నల్లది నూతిలో పడదేటి? ఇప్పటికే గుక్కెడు నీళ్ళు తాగాలంటే గుండె దడదడలాడతంది మాకు."

"ఇప్పుడు శుభ్రం గురించి మాట్లాడే సమయమా? చరిత్ర ఎప్పుడైనా మురికంటని చేతులతో ముందుకెళ్ళిందా?"

"సరిత్ర సంగతి నాకు తెల్దు. నూతి సంగతి అడుగుతన్నాను."

"మీ కోసమేనమ్మా ఇదంతా! మీకెప్పటికి అర్థమవుతుంది?"

"మా కోసమే అంటన్నావు, మా మీదే అరుస్తన్నావు," అంది పారమ్మ.

కూర్మారావు ఒకసారి నూతి వైపు, ఒకసారి అరుగు వైపు చూశాడు. ఆ నూతి నీళ్ళు తాగి పెరిగినవాడు. "దాని ఒళ్ళు ఇలాగయింది నీళ్ళ వల్లేనంటారు," అన్నాడు. తర్వాత తల పట్టుకుని, "నన్నేటీ అడక్కండి. పోసీండి. కోసీండి," అన్నాడు.

శశిభూషణ్ తాడు లాగాడు. రంపం అందుకుంది. మాస్టారు ఒక ఊరేగింపు పలకను తిరగేసి, రాత లేని తెల్లటి వైపు పట్టీ కొనకు ఎదురుగా పెట్టారు. నూనె అందుతోందో లేదో చూసుకోవడానికి మేం మామూలుగా చేసే పనే అది. నూనె అందింది. తెలుపు మీద నల్లటి చార పడింది, దానిలో ఇనుప రజను మెరిసింది. చార పలక అంచు దాటి, పక్కనే నిలబడిన పారమ్మ చీర కుచ్చెళ్ళ దాకా సాగింది.

శశిభూషణ్ ఆ చార వైపు చూశాడు. తర్వాత మీట నొక్కి రంపం ఆపాడు.

"మరి దేంతో కొయ్యమంటారు?" అన్నాడు. "ఆమె చచ్చిపోతుంది మాస్టారూ!"

పారమ్మే వెళ్ళి బియ్యం మూట పక్కనున్న పామాయిల్ ప్యాకెట్లు ఒళ్ళో వేసుకొచ్చింది.

"అది మీ తిండి! తిండి ముట్టుకోకూడదు," అని శశిభూషణ్ వెనక్కి జరిగాడు.

"ఈ పూట పప్పు ఉత్తినే ఉడకేసుకుంతాం. ఇంత సదివావు, పోపు లేకపోతే సచ్చిపోతామేటి? ఇది తినేదే, నూతిలో పడితే తేలతాది, తోడి పారబోసుకుంతాం. పొయ్యి."

నల్ల నూనె డబ్బాలోకి వంచి, తుడిచి, పామాయిల్ పోశాం. అది పలచన. గొలుసు తిరిగే వేగానికి తొందరగా చెదిరిపోతుంది. కొంచెం కోసి ఆపాలి, పట్టీ ఎంత కాలిందో చూడాలి, నూనె పోయాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆపిన ప్రతిసారీ రంపం మోత పోయి దమయంతి ఆయాసం వినిపించేది. దాన్ని మేమెవరం భరించలేకపోయాం.

"ఆపకండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంతాను," అని కూర్మారావు ఏడ్చాడు.

శశిభూషణ్ పళ్ళు బిగించాడు. ఈసారి ఆపలేదు. ఒంటి బరువంతా వేసి మానులోకి నొక్కాడు. పొగ లేచింది, పొట్టు గోధుమరంగుకు తిరిగింది. మేం అరిచేలోపే గొలుసు పట్టీ మీంచి జారి మానుకు ఫెడీమని తగిలింది. అది కూర్మారావు మోచేతికి జానెడు దూరం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాలిపోతున్న గొలుసును గుడ్డలతో పట్టుకుని మళ్ళీ ఎక్కించేందుకు, అప్పటిదాకా ఆపిన ఆపులన్నీ కలిపినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. శశిభూషణ్ వేళ్ళు బొబ్బలెక్కాయి. అతను కూర్మారావు ముఖంలోకి చూడలేకపోయాడు.

ఆ తర్వాత అతను కాస్త కోశాడు, ఆపాడు, చెయ్యి దగ్గరపెట్టి వేడి చూశాడు, నూనె పోశాడు. ఒక ఆపులో తల ఎత్తితే కొమ్మల సందులోంచి దమయంతి కనిపించింది. ఆమె పేరు మీద ఎన్నో సభల్లో మాట్లాడిన మనిషి, ఆమెతో మాట్లాడడం మాత్రం అదే మొదలు.

"ఎలా ఉందమ్మా?"

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "నీ పెదాలెండిపోయాయి బాబూ. ముందు నీళ్ళు తాగు." మళ్ళీ కాసేపు ఆగి, "నాకైతే తాగే వీల్లేదు, తాగితే ఒళ్ళు ఉబ్బిపోతాది," అంది.

శశిభూషణ్ సీసా అందుకుని తాగాడు. తాగుతున్నంతసేపూ ఆమె అతని గొంతు వైపే చూసింది.

మాను తెగింది. దుంగను పలకల మీదుగా దొర్లించి, మంచం పట్టేంత సందు చేశాం. ఆమెను కూర్చోబెట్టే మోశాం. అంబులెన్సు తలుపు మూసేటప్పటికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. కూర్మారావు ఎక్కాడు, బండి కదిలింది. ఫోన్లు పనిచెయ్యడం లేదు. ఆస్పత్రి దాకా దారి ఉందో లేదో చెప్పగలిగేవాళ్ళు మాలో ఎవరూ లేరు.

శశిభూషణ్ రోడ్డు మీద నిలబడి అటే చూశాడు. అతని ముఖం మళ్ళీ ఎర్రబడింది. "ఒక్కడు రాలేదు మాస్టారూ. ఒక్క అధికారి, ఒక్క నాయకుడు రాలేదు! వాళ్ళని వదిలిపెట్టకూడదు." నూతిలోకి దిగిన కొమ్మలు ఇంకా కొయ్యవలసి ఉంది. అతను రంపం అందుకుని విసురుగా వాడ వైపు తిరిగాడు.

నిన్నటి ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పని మాస్టారు అతని వెనకే నడుస్తూ, "దేంతో నడుపుతున్నావు నాయనా?" అన్నారు.

"పామాయిలే కదా మాస్టారూ. ఉన్నది అదేగా."

"ఉన్నది అదే అయినప్పుడు, మాటిమాటికీ ఆపి చూసుకో," అన్నారు మాస్టారు.